ఒకే పాట, మూడు కథలు

ఆ అమెరికా పాట పేరు ఇక్కడ రాయడం లేదు. నేను ఆ పేరు పలికినప్పుడల్లా మా అమ్మాయి రెండు చేతులూ జోడించి "అమ్మా, వొగ్గీ" అంటుంది. రాస్తే అంతకంటే అన్యాయంగా రాస్తానేమోనని భయం. నేను పుట్టకముందు నలుగురు కుర్రాళ్ళు గిటార్లూ డ్రమ్ములూ పెట్టుకుని పాడిన పాట. ఇప్పటికీ లోకం వింటూనే ఉందట. మా ఇంట్లో దాని పేరు ‘ఇంగ్లీషు పాట’. ఈ బెంగాలీ రైల్వే ఊళ్ళో, ట్రాఫిక్ అనే పేటలో మా క్వార్టర్ గోడలు పల్చన. పక్కింటి ఒడియా ఆవిడ కూడా కూరగాయలు తరుగుతూ ఆ పాట కూనిరాగం తీసేది, ఒక్క మాట రాకపోయినా.

గిటార్ మా అమ్మాయిది. రైల్వేలో ఆటగాళ్ళని తీసుకున్నట్టే, పాడేవాళ్ళనీ వాయించేవాళ్ళనీ కూడా కల్చరల్ కోటాలో తీసుకుంటారు. మామూలు రోజుల్లో ఆఫీసులో గుమాస్తా పని, ఫంక్షన్ల రోజున స్టేజీ. మా అమ్మాయి అప్పటికే రెండుసార్లు ఆ పరీక్షకి వెళ్ళి ఉత్త చేతులతో తిరిగి వచ్చింది. ఈసారి గిటార్‌కి ఒక్కటే పోస్టు పడింది. రాతపరీక్ష గట్టెక్కింది. వాయించి చూపించడం మిగిలింది. వచ్చే పుట్టినరోజుతో ఆమెకి వయసు దాటిపోతుంది. ఇది పోతే ఇంక లేదు. పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో వెనక వరసలో నిలబడుతూ, ఇన్నేళ్ళూ ఆమె లాక్కొచ్చింది ఈ ఒక్క దారి కోసమే. ఆ సంగతి ఇంట్లో ఎవరం పైకి అనేవాళ్ళం కాదు. అనకపోయినా అన్నం దగ్గరా, కుళాయి దగ్గరా, మా ఆయన వర్క్‌షాప్ నుంచి వచ్చి సైకిల్ స్టాండు వేసే చప్పుడులోనూ అదే ఉండేది.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తరువాత జరిగింది అర్థం కాదు. మాది గోల్ బజార్లో బట్టల కొట్టు. శ్రీకాకుళం వైపు నుంచి కొందరు వర్క్‌షాప్ పనికి ఇక్కడికి వస్తే, వాళ్ళకి చీరలూ పంచెలూ అమ్ముదామని వాళ్ళ వెనకే వచ్చినవాళ్ళు మా తాతలు. నేను పాకింది తాన్ల మధ్య, నిద్రపోయింది చీరల కట్టల మీద. బేరం నాకు ఒకరు నేర్పింది కాదు. డాక్టరు మూడు పూటలా మాత్ర వేసుకోమంటే రెండు పూటలకి ఒప్పించి వచ్చిన దాన్ని. అమ్మవారికి మొక్కిన మొక్కు కూడా పని అయిపోయాక కొంచెం తగ్గించమని అడిగాను. ఆవిడ ఏమీ అనలేదు, ఒప్పుకున్నట్టే నేను లెక్క వేసుకున్నాను.

మా నాన్న మంచి చీర ముందు చూపించేవాడు కాదు. వచ్చినవాళ్ళని పరుపు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ముందు ముతక రకం పరిచేవాడు. ఆ తరువాత ఓ మోస్తరువి. వాళ్ళు పెదవి విరిచేవాళ్ళు. లేచేవాళ్ళు. మెట్టు దిగి చెప్పులో కాలు పెట్టేదాకా మా నాన్న నోరు విప్పేవాడు కాదు. కాలు పెట్టిన తరువాత, ఏదో ఇప్పుడే గుర్తొచ్చినట్టు, "ఉండండమ్మా, ఒకటుంది, ఎవురికో తీసి పెట్టినాను" అని అడుగు నుంచి అసలు చీర లాగేవాడు. ఇక వాళ్ళు నిలబడే చూసేవాళ్ళు. అలా నిలబడి చూసినవాళ్ళెవరూ కొనకుండా వెళ్ళగా నేను చూడలేదు. ఈ ఒక్క విద్యతో మేము నలుగురు పిల్లలం పెరిగాం. అందుకే ఇది లోకంలో ప్రతి పనికీ పనికొస్తుందని నా నమ్మకం.

మా అమ్మాయికి ఇంగ్లీషు పాట నేర్పింది ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన. ఇంజన్ డ్రైవరుగా రిటైరై, మా పక్క వీధి క్వార్టర్లోనే ఇంకా ఖాళీ చెయ్యకుండా ఉండేవాడు. పిల్లలంతా అంకుల్ అనేవాళ్ళు. ఆయన ఆ పాట మొదలుపెట్టే ముందు ప్రతిసారీ దాని కథ చెప్పేవాడు. పాడినవాడి వీధిలో కుర్రాళ్ళందరినీ యుద్ధానికి తీసుకుపోయారట. ఒక్కడూ తిరిగి రాలేదట. వాళ్ళు రైలెక్కిన ప్లాట్‌ఫారం మీదే బెంచీ మీద కూర్చుని అతను ఈ పాట కట్టాడట. ఆయన చెప్పే కథల్లో ఎలాగోలా ఒక ప్లాట్‌ఫారం వచ్చేది, అది నాకు అప్పుడే కొంచెం అనుమానంగా ఉండేది. మా అమ్మాయి మాత్రం ప్రతిసారీ కళ్ళు తుడుచుకునేది. తరువాత ఆయన రాంచీ దగ్గర చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయాడు. పాటా, కథా మా ఇంట్లో ఉండిపోయాయి.

పరీక్ష దగ్గర పడ్డాక, బోర్డువాళ్ళు పాట గురించి ఏమైనా అడగవచ్చని మా అమ్మాయి ఫోన్లో వెతకడం మొదలుపెట్టింది. ఒకచోట, అదొక అమ్మాయి వదిలేసి వెళ్ళిపోతే కట్టిన పాట అని రాశారు. ఇంకోచోట అంకుల్ చెప్పిన యుద్ధం కథ ఉంది, ప్లాట్‌ఫారం లేకుండా. ఆ తరువాత ఒక వీడియో దొరికింది. పాడినవాడే, ఇప్పుడు తెల్ల జుట్టుతో, ఎవరో అడిగితే జవాబు చెప్తున్నాడు. మా అమ్మాయి తెలుగులో చెప్పుకుపోతుంటే నేను విన్నాను. స్టూడియోని సాయంత్రం దాకా అద్దెకి మాట్లాడుకున్నారట. అనుకున్న పాటలన్నీ ముందే అయిపోయాయి. ఒక గంట మిగిలింది. ఊరికే పోనివ్వడం ఎందుకని ఏదో వాయించడం మొదలుపెట్టారు. అదే ఈ పాట అయింది. ఎవరూ చావలేదు, ఎవరూ వదిలి వెళ్ళలేదు, అంటూ ఆ ముసలాయన నవ్వాడు.

నేనూ నవ్వాను. "సూసినావా. తానులో మిగిలిన ముక్క. మీ తాత కొట్లో కట్ పీసులే ముందు అమ్ముడైపోయీవి."

"అమ్మా, అది పాట. జాకెట్టు ముక్క కాదు."

"నానేటన్నాను? మంచిదనే కదా."

"ఆయన ముసిలోడైపోనాడు. మరిసిపోయుంటాడు. అంకుల్ సెప్పిందే నిజం."

మా ఆయన పేపరు మడిచి, "పాట కట్టినోడి కన్నా మన డ్రైవరుకే ఎక్కువ తెలుసేటి?" అన్నాడు.

ఆమె ఫోను బోర్లా పెట్టేసింది. రెండు రోజులు గిటార్ ముట్టుకోలేదు. పరీక్ష నెత్తి మీద ఉంది. అన్ని ఏళ్ళుగా యుద్ధంలో పోయినవాళ్ళ కోసమని వాయిస్తున్న పాట ఊసుపోక పుట్టిందని తెలిస్తే వేళ్ళు ఎలా ఆడతాయి? అది నాకు అర్థం కాలేదని కాదు. కానీ సరుకు మీద నమ్మకం పోయినంత మాత్రాన కొట్టు మూసెయ్యకూడదు కదా. మూడో రోజు పొద్దున్న గిటార్ నేనే తీసి ఆమె ఒళ్ళో పెట్టాను.

"ఇను. ముందు భజన వాయించు. ఇంగ్లీషు పాట దాసుకో. ఆళ్ళు లెగబోయినప్పుడు తియ్యి."

"ఇంగ్లీషు పాటే నా బెస్టు, అమ్మా. అదే ముందు వాయిస్తాను."

"బెస్టే కాబట్టి దాసుకోమంటన్నాను. కథ అడిగితే మొకాలు సూసి సెప్పు. మీసాలోడుంటే యుద్ధం కథ. ఆడమనిసైతే పిల్ల కథ. నవ్వు మొకమైతే కట్ పీసు."

"నాను అబద్దం సెప్పను."

"అబద్దమేటే? మూడూ నీ ఫోన్లో ఉన్నవే."

ఆమె తీగలు బిగించుకుంటూ కూర్చుంది. అప్పుడు నేను అనకూడని మాట, కానీ బేరంలో ఆఖర్న పనికొచ్చే మాట అన్నాను. "రెండు సార్లు నీ ఇష్టపకారం ఎల్లినావు. ఈసారి నా మాటిను."

తీగలన్నీ బిగించాక, తల ఎత్తకుండా, "భజన ముందు వాయిస్తాను. కథలు మాత్రం నాకొదిలీ" అంది. సగం బేరం గెలిచాను. సగం గెలిచినప్పుడు ఆగిపోవాలని కూడా మా నాన్నే నేర్పాడు.

పరీక్ష రోజు పొద్దున్న మా ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాడు. పరీక్ష మా ఊళ్ళోనే, రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో. పూరీ గేట్ వైపు నుంచి వస్తున్న టోటోని, అంటే బ్యాటరీ రిక్షాని, ఆపి, "దాదా, ఇన్‌స్టిట్యూట్ జాబేన్?" అన్నాను, వస్తావా అని. అతను ధర చెప్పాడు. నేను సగం చెప్పాను. అతను నావైపు చూడను కూడా చూడకుండా పోయాడు. ఆ రోజుల్లో టోటోలు చీమల్లా తిరిగేవి, ఇంకొకటి రాకుండా ఎక్కడికి పోతుంది అనుకున్నాను. రెండోది వచ్చింది, నిండుగా. మూడోవాడు రివర్స్ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తరువాత రోడ్డు మీద ఒక్క టోటో కూడా లేదు.

"ఈ రోజు కూడానా, అమ్మా," అంది మా అమ్మాయి. కోపంగా అంటే బాగుండేది. అలసిపోయినట్టు అంది.

నడిచాం. ఆమె భుజాన గిటార్, నా చేతిలో సర్టిఫికెట్ల సంచీ. ఎండ ఎక్కుతోంది. వేళ్ళు చెమట పడితే తీగ జారుతుందని ఆమె నడుస్తూనే చున్నీకి చేతులు తుడుచుకుంటోంది. పావు దారి అయ్యాక ఖాళీ టోటో ఒకటి దొరికింది. అడిగినంతా ఇస్తానన్నాను. అయినా మేము ఇన్‌స్టిట్యూట్ మెట్లు ఎక్కేసరికి వరండాలో ఉన్న ప్యూను మాకు ఎదురొచ్చాడు. నడివయసు మనిషి, మనవాడే, సాలువా నుంచి రోజూ వస్తాడట.

"పేరేటి?" అని అడిగి, మా అమ్మాయి చెప్పగానే నుదురు చిట్లించాడు. "రెండుసార్లు పిలిసినాను. లేరని లోపల సెప్పీసినాను. ఏటమ్మా, ఇయ్యాల కూడా లేటేటి?"

మా అమ్మాయి నావైపు చూడలేదు. గోడవైపు చూస్తూ నిలబడింది.

"బాబూ, తప్పు నాది. టోటో కాడ లేటయిపోనాది. ఇంకొక్కసారి లోపల సెప్పు."

"నాను సెప్తే అయిపోద్దేటి, అమ్మా."

"నువ్వు సెప్పకపోతే అసలవదు కదా. సెప్పి సూడు. కాదంటే ఎల్లిపోతాం."

అతను తలుపు సందులోంచి దూరి వెళ్ళి, వచ్చి, "ఇప్పుడు లోపలున్న అబ్బాయి అయినాక" అన్నాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే లేవలేనేమో అనిపించింది.

లోపల నుంచి హవాయియన్ గిటార్ వినిపిస్తోంది, ఒళ్ళో పెట్టుకుని ఇనుప కడ్డీతో జార్చి వాయించేది. మా ఊరి ఫంక్షన్లలో అదే రాజు. పాట ఇంకా పల్లవి దాటిందో లేదో, ఆగిపోయింది. తలుపు తెరుచుకుంది. కుర్రాడు బయటికొచ్చి, బెంచీ మీద ఉన్న వాళ్ళ నాన్నతో హిందీలో అన్నాడు: "ఒక్కటే పాట. అదీ సగమే. బస్, చాలు, అనేశారు. అందరికీ అంతేనట."

అందరికీ ఒక్కటే పాట. అదీ సగం.

నా తల లోపల మా నాన్న కొట్టు మొత్తం కూలినంత పనైంది. కొనేవాడు మెట్టు దిగి చెప్పులో కాలు పెట్టాలి, అప్పుడు కదా అడుగు నుంచి చీర తీసేది. ఇక్కడ కొనేవాళ్ళు అసలు లేవరు. మనల్నే లేపేస్తారు. మా అమ్మాయి చేత ముతక చీర ఒకటి పరిపించి, మంచి చీర కట్టలోనే ఉంచేసి ఇంటికి పంపించేస్తారు. అదీ నేను పట్టుబట్టి చేసిన ఏర్పాటు.

"ఇంగ్లీషు పాటే," అన్నాను వెనక నుంచి, "ముందు అదే వాయించు." కానీ ప్యూను అప్పటికే ఆమె పేరు పిలిచాడు. ఆమె లోపలికి అడుగు పెట్టింది. విన్నదో లేదో తెలియలేదు. తలుపు పడింది.

వరండా చివర హాలు కిటికీ ఉంది, పాతకాలం చెక్క రెక్కలది. అక్కడికి వెళ్ళి ఒక రెక్క కొంచెం పైకి తోశాను.

"ఓలమ్మ, అక్కడ నిలబడకూడదమ్మా," అన్నాడు ప్యూను.

"మాటాడను, బాబూ. దగ్గను కూడా దగ్గను."

"సూసినారంటే నా ఉద్యోగం..."

"ఎవురైనా ఇటు సూసినప్పుడు సెప్పు, ఎల్లిపోతాను. అప్పటిదాకా ఉండనీ."

అతను తల పట్టుకుని తలుపు దగ్గరికి పోయాడు. అది ఒప్పుకున్నట్టే.

లోపల బల్ల వెనక ముగ్గురు. మధ్యలో ఒక బెంగాలీ మేడమ్, గంజి పెట్టిన తాంత్ నూలు చీరలో. ఆ చీర మంచి నేత, ఆ పరిస్థితిలో కూడా నాకు అది కనిపించింది, నా బుద్ధి అలాంటిది. ఆమెకి కుడివైపు బొద్దు మీసాలాయన. ఎడమవైపు సన్నటి ఆఫీసరు, పెన్ను మూత తీసి పెట్టుకున్నాడు. మా అమ్మాయి వాళ్ళకి నమస్కారం పెట్టి కుర్చీలో కూర్చుంది. ఒక్క క్షణం తీగల మీద చెయ్యి అలా పెట్టి ఉంచింది. ఏ పాట వస్తుందో ఆ క్షణంలో నాకు తెలియదు. నేను అన్న మాట చెవిన పడిందనే ఆశతో ఊపిరి బిగబట్టాను.

భజన మొదలుపెట్టింది.

బాగానే వాయించింది. ఎప్పుడూ వాయించినంత బాగా. మీసాలాయన వేళ్ళతో బల్ల మీద తాళం వేశాడు. ఆఫీసరు ఏదో రాసుకున్నాడు. పాట సగానికి వచ్చేసరికి మేడమ్ చెయ్యి ఎత్తింది. "బస్. ఠీక్ హై. థాంక్యూ."

అంతే. అయిపోయింది. ఆఫీసరు ప్యూను కోసం తలుపువైపు చూశాడు. మా అమ్మాయి లేచి నిలబడింది. నిలబడి, అక్కడే ఉంది. నాకు తెలుసు, ఆమె ఎవరినీ ఏదీ అడగదు. కూరగాయల దగ్గర చిల్లర తక్కువ ఇచ్చినా అడగకుండా వచ్చేస్తుంది. నేను బేరం ఆడుతుంటే పది అడుగుల దూరంలో, నాతో రానట్టు నిలబడుతుంది. కిటికీ చెక్క నా వేళ్ళ కింద తడిసిపోయింది. అడుగు, అడుగు, అని లోలోపల అంటున్నాను, దగ్గనని మాట ఇచ్చాను కాబట్టి.

"మేడమ్," అంది.

ముగ్గురూ తల ఎత్తారు. ఆ తరువాత మాటలన్నీ హిందీలో జరిగాయి. నాకు గుర్తున్నట్టు రాస్తున్నాను.

"మేడమ్, ఇంకో పాట ఉంది. చిన్నది. దానికో కథ ఉంది."

మేడమ్ ఆఫీసరు వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపబోయాడు. మీసాలాయన మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, "ఏం కథ?" అన్నాడు.

నా ప్రాణం లేచి వచ్చింది. మీసాలు. యుద్ధం కథ. చెప్పు తల్లీ.

మా అమ్మాయి చెప్పింది. అంకుల్ చెప్పినట్టే చెప్పింది. ఒక వీధి, ఆ వీధి కుర్రాళ్ళు, రైలు, ప్లాట్‌ఫారం. ఆమె గొంతు మెల్లగా ఉన్నా హాలు నిశ్శబ్దంగా ఉండటంతో ప్రతి మాటా నాకు వినిపించింది. మీసాలాయన నెమ్మదిగా ముందుకి వంగాడు. మోచేతులు బల్ల మీద ఆనించాడు. కొనేవాడు చీర అంచు పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడంటే ఇక ధర ఒక్కటే తేలాలి. నేను ఆ వంగడాన్ని చూసి, అయిపోయింది, మనదే, అనుకున్నాను.

అక్కడ ఆగి, మా అమ్మాయి అంది: "ఇది మా గురువుగారు చెప్పిన కథ, సార్. పాడినాయన మాత్రం ఇది నిజం కాదన్నాడు."

చీర అమ్ముతూ అమ్ముతూ, ఇదిగో ఇక్కడ చిరుగు ఉంది చూడండి అని వేలు పెట్టి చూపించేవాళ్ళని నేను మా బజార్లో ఒక్కరినీ ఎరగను. నా కడుపున పుట్టిన పిల్ల ఆ పని చేస్తుంటే కిటికీ అవతల నిలబడి చూశాను.

ఆమె స్టూడియో కథ చెప్పింది. అనుకున్న పాటలు అయిపోవడం, గంట మిగలడం, ఏదో వాయించడం. మీసాలాయన వెనక్కి వాలిపోయాడు. ఆఫీసరు పెన్ను మూత పెట్టేశాడు.

"అయితే ఈ పాటకి కథేమీ లేదన్నమాట," అన్నాడు ఆఫీసరు.

"ఉంది, సార్," అంది మా అమ్మాయి. "పని అయిపోయాక టైము మిగిలితే వాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోలేదు. అంతే కథ. నాకు ఇచ్చిన టైములోనూ కొంచెం మిగిలిందనుకుంటున్నాను."

మేడమ్ చేతి గడియారం చూసుకుంది. ఆమె ముఖంలో ఏమీ కనిపించలేదు. నేను ముఖాలు చదవగలనని విర్రవీగిన దాన్ని, ఆ ముఖం దగ్గర నాకు అక్షరం రాలేదు.

"వాయించు," అంది మేడమ్.

ఇంట్లో ఆ పాట నేను ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. ఎప్పుడూ బరువుగా ఉండేది, ఎవరినో మోసుకెళ్తున్నట్టు. ఆ రోజు అలా రాలేదు. సంగీతం నాకు తెలియదు, అందుకని ఇది పొరపాటు కావచ్చు. కొంచెం తొందరగా, కొంచెం తేలిగ్గా, ఇంటికి వెళ్ళాల్సిన వేళయినా మెట్ల మీద కబుర్లు ఆపని కుర్రాళ్ళలా వచ్చింది. మధ్యలో ఒకచోట వేలు జారింది. ఆమె ఆగలేదు.

ప్యూను నా వెనక్కి ఎప్పుడు వచ్చాడో, మెల్లగా అడిగాడు. "ఇది ఏ సినిమాదమ్మా?"

"సినిమా కాదు, బాబూ. అమెరికాది."

"మన గుంటే వాయిస్తందా?" అన్నాడు, నన్ను పంపించెయ్యాలన్న సంగతి మరిచిపోయి.

పాట చివరిదాకా వాళ్ళు ఆపలేదు. అయిపోయాక ఎవరూ మెచ్చుకోలేదు కూడా. ఆఫీసరు "నెక్స్ట్" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా నేను నోరు మూసుకుందామనే అనుకున్నాను. క్వార్టర్ల మలుపు దాకా మూసుకున్నాను.

"అంకుల్ కథ కాడ ఆపీసుంటే ఏటయ్యీది? ఆ మీసాలాయన ముందుకి వొంగినాడు. నాను సూసినాను."

"వొంగినాడు, అమ్మా. అందుకే ఆపలేకపోనాను."

"ఏటి?"

"నమ్మేస్తన్నాడు. నాకే నమ్మకం లేందాన్ని ఆయన నమ్మేస్తంటే వాయించడానికి సెయ్యి రాదు." కొంచెం ఆగి అంది. "నువ్వు సీరలమ్మినట్టు కాదు అది."

చీరలమ్మడం అంత నీచమా అని అడగాలనిపించింది. కానీ ఆమె తాళం చెవి కన్నంలో పెట్టడానికి కష్టపడుతోంది. నేను తీసుకుని తలుపు తెరిచాను.

ఆ తరువాత వారాలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఫోను మోగితే ముగ్గురం ఒకేసారి చూసేవాళ్ళం. మా ఆయన వర్క్‌షాప్‌లో ఎవరెవరినో అడిగి రోజుకో వార్త తెచ్చేవాడు. హవాయియన్ గిటార్ అబ్బాయికే ఇచ్చేశారని ఒక రోజు. ఎవరికీ ఇవ్వలేదు, పోస్టే ఎత్తేశారని ఇంకో రోజు. మాతా పూజ నెల వచ్చింది, వీధిలో ఆడవాళ్ళు పసుపు నీళ్ళ కుండలు ఎత్తుకుని డప్పుల వెనక నడిచారు. నేనూ కుండ ఎత్తాను. ఈసారి మొక్కు దగ్గర బేరం ఆడలేదు, అడిగింది అడిగినట్టు ఒప్పుకున్నాను. మా అమ్మాయి ట్యూషన్లకి వెళ్ళి వస్తూనే ఉంది. ఇంగ్లీషు పాట మాత్రం ముట్టుకోవడం లేదు. పక్కింటి ఒడియా ఆవిడ ఒకరోజు గోడ మీదుగా, పాట ఏమైంది దీదీ అని అడిగింది.

వార్త ఒక మధ్యాహ్నం ఫోన్లోనే వచ్చింది. మా అమ్మాయి కుళాయి దగ్గర గిన్నెలు తోముతోంది. చూసి, ఫోను నా చేతికిచ్చి, మళ్ళీ గిన్నెల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. నేను ఆ ఇంగ్లీషు రెండుసార్లు చదివినా నమ్మకం కుదరక, మా ఆయన వచ్చేదాకా ఆగి ఆయన చేత చదివించాను. ఆయన చదివి, కళ్ళద్దాలు తీసి, "వొచ్చీసింది" అన్నాడు. లోపలికి పోయి మొహం కడుక్కుని చాలాసేపటికి వచ్చాడు.

ఉద్యోగంలో చేరాక వాళ్ళ ఆఫీసులోనే ఒక ఫంక్షన్‌కి రిహార్సల్స్ జరిగాయి. ఆ బెంగాలీ మేడమ్ వచ్చిందట. ఆ సాయంత్రం మా అమ్మాయి చెప్పులు విప్పుతూనే నవ్వుతోంది.

"అమ్మా, ఆ రోజు రెండో పాట మార్కులకి కాదంట."

"ఏటి?"

"భజన సగంలో ఉండగానే మార్కులేసీసి బస్ అన్నారంట, ముగ్గురూ. ఆకర్న సూస్తే నాకే ఎక్కువొచ్చినాయంట. రెండోది ఊరికే ఇన్నారంట."

నేను గుమ్మంలోనే కూర్చుండిపోయాను. ఆ కిటికీ దగ్గర నేను పోగొట్టుకున్న ప్రాణాలన్నీ లెక్కకు రానివే. మీసాలాయన వంగడం, వాలడం, ఆఫీసరు పెన్ను మూత, ఒక్కదానికీ ఏ విలువా లేదు. సరుకు అప్పటికే అమ్ముడైపోయింది. నేను ఊరికే చెమటోడ్చాను. ఆ తరువాత నా అసలు బుద్ధి మేలుకుంది.

"అంటే," అన్నాను, "నాను ముందు వాయించమన్న భజనకే ఉద్యోగం వచ్చిందన్నమాట."

"అవును, అమ్మా," అంది. "నీ భజనకే."

ఒక్క మాట ఎదురు చెప్పలేదు. మొదటి ధరకే ఒప్పుకుని డబ్బులు తీసే గిరాకీ వస్తే మా నాన్నకి ఆ పూట అన్నం సహించేది కాదు, ఇంకెంత అడిగి ఉండొచ్చో అని. నాకూ అలాగే అయింది. ఆమె ముఖంలోకి చూశాను, ఏమైనా దాస్తోందేమోనని. ఆమె చున్నీ తీగ మీద ఆరేసుకుంటోంది.

"ఊరికే ఇన్నారా?" అన్నాను మళ్ళీ. "ముగ్గురూనా? ఆకర్దాకా?"

"ఆకర్దాకా."

"ఎందుకలగ?"

"నాకేటి తెలుసు," అంది, "ఆళ్ళకి ఇనాలనిపించిందేమో." గిటార్ తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.